మెసొపొటేమియా దయ్యాల తాయెత్తులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మ్యూజియం ఫొటోల్లో ఎప్పుడైనా ఒక వికారమైన చిన్న కంచుబొమ్మ మీ కంట పడి ఉండొచ్చు. కుక్క మొహం, ఉబ్బిన కళ్లు, నాలుగు రెక్కలు, తేలు తోక. చూసినవాళ్లలో చాలామంది "ఇదేదో క్షుద్రపూజల సరంజామా" అనుకుంటారు. నిజానికి అది పసిబిడ్డ ఉన్న ఇంట్లో, పురిటి మంచం దగ్గర ఉండాల్సిన వస్తువు. ఆ అపార్థం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. అందుకే పదే పదే ఎదురయ్యే ప్రశ్నల్ని ఒకచోట చేర్చి, తెలిసినంతవరకు జవాబులు రాశాను.

ఇది ఏ దేశం, ఏ కాలం సంగతి?

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య నేల. ఇప్పటి ఇరాక్‌లో చాలా భాగం, దాని చుట్టుపక్కల సిరియా, టర్కీ దేశాల్లో కొంత భాగం. బాబిలోన్, ఉర్, నినెవే, అసుర్ నగరాలు అక్కడివే. ఇక్కడ చెప్పబోయే మంత్రాలు క్రీ.పూ. 2000 తర్వాతి శతాబ్దాల నుంచి దొరుకుతున్నాయి. తాయెత్తులు మాత్రం ఎక్కువగా క్రీ.పూ. 900 - 500 మధ్యవి, అంటే అస్సీరియా, బాబిలోన్ సామ్రాజ్యాలు వెలిగిన రోజులవి.

అంతగా ఎవరికి భయపడ్డారు?

భయాలు చాలా ఉండేవి. కానీ తల్లుల్ని నిద్రపోనివ్వని పేరు ఒకటుంది, లమష్టు. ఈమె ఆకాశానికి అధిపతి అయిన అనూ దేవుడి కూతురు. మామూలు దయ్యాలు దేవుళ్లకు కోపమొచ్చి పంపితే వస్తాయి. లమష్టుని ఎవరూ పంపక్కర్లేదు, తనంతట తానే వస్తుంది. చెడ్డ బుద్ధి, చెడ్డ ఆలోచన ఉన్నందుకు కన్నతండ్రే ఆమెను ఆకాశం నుంచి భూమ్మీదికి తోసేశాడని ఒక పాత మంత్రం చెబుతుంది. ఆ మంత్రం రాసిన మట్టిపలక దొరికింది ఇప్పటి టర్కీలోని కనేష్‌లో. అక్కడ దాదాపు 3,900 ఏళ్ల కిందట అస్సీరియా వర్తకులు కాపురం ఉండేవాళ్లు. ఊరు వదిలి అంత దూరం వ్యాపారానికి వెళ్లినా ఆ భయం మూటాముల్లెతో పాటే వెళ్లిందన్నమాట.

ఆమె ఏం చేస్తుందో మంత్రాలు పూసగుచ్చినట్టు చెబుతాయి. గర్భిణుల నెలలు లెక్కపెడుతుంది. కనబోయే రోజుల్ని గోడ మీద గీతలు గీసి గుర్తుపెట్టుకుంటుంది. తలుపు మూసినా, అది తిరిగే ఇరుసు సందులోంచి పాములా జారి లోపలికి వస్తుంది. నొప్పులు పడుతున్న స్త్రీ పొట్టను ఏడుసార్లు తాకుతుంది. "మీ పిల్లల్ని ఇలా ఇవ్వండి, నేను పాలిస్తాను" అంటుంది.

నాకు వీటన్నిటిలో గుండె పట్టేసేది ఆ గోడ మీది గీతలే. డాక్టర్ చెప్పిన డెలివరీ డేట్ చుట్టూ కాలెండర్ మీద సున్నా చుట్టుకునే ఇళ్లు మనవి. అదే లెక్క ఇంకెవరో కూడా మన గోడ మీదే వేస్తున్నారని నమ్మితే ఆ తొమ్మిది నెలలు ఎలా గడుస్తాయి? కడుపు పోవడం, పుట్టిన బిడ్డ కారణం తెలియకుండా నిద్రలోనే చనిపోవడం, పాలు తాగుతున్న బిడ్డకు ఉన్నట్టుండి జ్వరం రావడం, వీటన్నిటికీ ఆ కాలంలో ఉన్న ఒకే పేరు లమష్టు.

లమష్టు చూడ్డానికి ఎలా ఉంటుంది?

సింహం తల, గాడిద పళ్లు, గద్ద గోళ్లున్న పాదాలు. రెండు చేతుల్లో రెండు పాములు. ఒక రొమ్ము దగ్గర కుక్కపిల్ల, ఇంకో రొమ్ము దగ్గర పందిపిల్ల పాలు తాగుతుంటాయి. బిడ్డకు పాలిచ్చే తల్లి రూపాన్ని తలకిందులు చేసి చూపించారు. చాలా బొమ్మల్లో గాడిద మీద ఉంటుంది, ఆ గాడిద పడవలో ఉంటుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మరి పజూజు ఎవరు? మంచివాడా, చెడ్డవాడా?

పైన చెప్పిన నాలుగు రెక్కల బొమ్మ ఇతనిదే. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న కంచుబొమ్మ అన్నిటిలోకీ పేరున్నది. ఎత్తు సుమారు 15 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా ఉండదు. కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచెయ్యి కిందికి దించి, ఇప్పుడే మీదికి దూకేలా నిలబడి ఉంటాడు. తల పైన ఒక రింగు ఉంటుంది, తాడు దూర్చి వేలాడదీయడానికి. వెనక్కి తిప్పితే రెక్కల మీద అక్షరాలు కనిపిస్తాయి: నేను పజూజుని, హన్బి కొడుకుని, చెడ్డ గాలి దయ్యాలకు రాజుని.

గాలి అన్న మాట దగ్గర ఆగాలి. "బిడ్డకు గాలి సోకింది" అనే మాట మనకు కొత్త కాదు కదా. అక్కడా రోగం గాలితో వస్తుందనే నమ్మారు. పజూజు స్వయంగా అలాంటి దుష్ట గాలే. కానీ అతని మంత్రంలో అతనే చెప్పుకుంటాడు, కొండెక్కి, ఎదురైన గాలుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని రెక్కలు విరిచానని. లమష్టుని ఇళ్లలోంచి తరిమికొట్టే పని కూడా అతనిదే. ముల్లును ముల్లుతోనే తీయాలని మనం అంటాం. వాళ్లు చేసింది అదే.

కాబట్టి మంచివాడా అంటే కాదు. పజూజుకి గుడి కట్టలేదు, పూజలు చేయలేదు. క్రీ.పూ. 8వ శతాబ్దం ప్రాంతంలో ఈ బొమ్మ ఉన్నట్టుండి కనిపించడం మొదలై, త్వరగానే బాగా వ్యాపించింది. పూర్తి విగ్రహాల కంటే ఒట్టి తలలే ఎక్కువ దొరికాయి. కంచువి, రాతివి, మట్టివి, తాడు దూర్చడానికి బెజ్జం ఉన్నవి. ఎవరి తాహతుకు తగ్గట్టు వాళ్లు చేయించుకున్నారు.

రక్షణకు అంత వికారమైన మొహం ఎందుకు?

ఎదురుగా వచ్చేది భయపడాలి కాబట్టి. పజూజు కంటే వెయ్యేళ్ల ముందు ఇదే పని హుంబాబా మొహం చేసేది. మెసొపొటేమియా కావ్య వీరుడు గిల్గమేష్ చంపిన దేవదారు అడవి కాపలాదారు అతను. బ్రిటిష్ మ్యూజియంలో సిప్పర్ నగరం నుంచి వచ్చిన అతని మట్టి మొహం ఒకటుంది. కళ్లూ ముక్కూ నోరూ అన్నీ మెలికలు తిరిగిన పేగులతో చేసినట్టు ఉంటాయి.

ఒక తాయెత్తుని దగ్గరగా చూపించగలరా?

లూవ్ర్‌లోనే ఇంకో కంచు ఫలకం ఉంది, ఎత్తు దాదాపు 14 సెంటీమీటర్లు. 19వ శతాబ్దంలో మొదట పరిశీలించినవాళ్లు అందులో పడుకున్న మనిషిని శవం అనుకుని, అడుగున ఉన్నది నరకం అనుకుని, "నరక ఫలకం" అని పేరు పెట్టేశారు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు. అందులో శవమూ లేదు, నరకమూ లేదు. ఉన్నది ఒక రోగి, అతని చుట్టూ అతన్ని బతికించుకోవాలని తాపత్రయపడుతున్నవాళ్లు.

పై అంచు మీంచి పజూజు తల తొంగి చూస్తుంటుంది, గోడ మీంచి పక్కింట్లోకి చూసినట్టు. దాని కింద మొదటి వరసలో దేవుళ్ల గుర్తులు: నెలవంక, రెక్కల సూర్యబింబం, నక్షత్రం, కృత్తికల్లాంటి ఏడు చుక్కలు. రెండో వరసలో జంతువుల తలలున్న ఏడుగురు. మూడో వరసలో మంచం మీద రోగి. అతని తల దగ్గరా కాళ్ల దగ్గరా చేప చర్మం కప్పుకున్న ఇద్దరు నిలబడి ఉంటారు. వాళ్లు అప్కల్లులు, జలప్రళయానికి ముందు మనుషులకు విద్యలు నేర్పిన జ్ఞానులు. పక్కన ఒక దీపం. రాత్రంతా ఆరిపోకుండా చూసుకునే దీపం.

అసలు కథ అడుగు వరసలో ఉంది. అక్కడ నది, నదిలో చేపలు, పడవ, పడవలో గాడిద, గాడిద మీద లమష్టు. వెనక నుంచి పజూజు తరుముతున్నాడు. ఆమె ముందు దువ్వెన, నూలు కండె, నూనె సీసా లాంటి వస్తువులు వరసగా పేర్చి ఉన్నాయి. అవి ఆమెకు ఇచ్చిన సారె! ఊరికే పొమ్మంటే పోదు, ఆశపెట్టి, దారి బత్తెం కట్టిచ్చి, పడవెక్కించి పంపాలి. ముందు కానుకలు, వెనక పజూజు. ఫలకాన్ని వెనక్కి తిప్పితే మొత్తం పజూజు వీపే, రెక్కలతో సహా. అంటే అతను ఫలకాన్ని రెండు చేతులా పట్టుకుని రోగి మంచం మీదికి వంగి కాపలా కాస్తున్నాడు. ఇది అర్థమైన క్షణం నుంచి ఆ బొమ్మ నాకు వికారంగా కనిపించడం మానేసింది.

తాయెత్తు మీద ఏం రాసేవాళ్లు?

ఎక్కువగా లమష్టు ఏడు పేర్లున్న మంత్రం. మొదటి పేరు అనూ కూతురు. మిగతావాటిలో "తలలు చీల్చే కత్తి", "నిప్పు రాజేసేది" లాంటివి ఉన్నాయి. ఆ నిప్పు జ్వరమేనని వేరే చెప్పాలా? ఏడో పేరులో మహాదేవతల మీద ఒట్టు పెట్టి ఆమెను కట్టేస్తారు.

కొన్ని తాయెత్తుల మీద ఉన్నవి అసలు అక్షరాలే కావు. మేకుల్లాంటి గీతలు వరసగా గీసి ఉంటాయి, చదవబోతే ఏమీ రాదు. రాత రాని పనివాడు రాతలా కనిపించేలా గీసిచ్చాడు. కొన్న తల్లికీ చదువు రాదు. కొందరు వీటిని నకిలీలని తేలిగ్గా తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. నాసిరకం రాయి మీద గీసిన ఆ పిచ్చిగీతలే చెబుతున్నాయి, ఈ భయం రాజుల కోటల్లోనే కాదు, పేదల గుడిసెల్లో కూడా ఉండేదని.

తాయెత్తు కట్టుకుంటే సరిపోయేదా?

లేదు. దానితోపాటు తంతు ఉండేది. ఒక పద్ధతి ఇలా సాగుతుంది. మట్టితో లమష్టు బొమ్మ చేసి రోగి తలాపున కూర్చోబెడతారు. మూడు రోజులు ఉంచి, ముందర రొట్టెలు పెడతారు, నీళ్లు పోస్తారు, నోట్లో పందిపిల్ల గుండె పెడతారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మంత్రం చదువుతారు. మూడో రోజు పొద్దువాలే వేళ బొమ్మను బయటికి తీసుకెళ్లి, కత్తితో పొడిచి, గోడ మూలన పాతిపెట్టి, చుట్టూ పిండితో గీత గీస్తారు. తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. దిష్టి తీసినవి నాలుగు రోడ్ల కూడలిలో పారేసి వెనక్కి చూడకుండా రమ్మని మన పెద్దవాళ్లు కూడా చెప్పేవాళ్లు కదా.

ఈ పని చేసేది ఎవరు? మాంత్రికులా, వైద్యులా?

మంత్రతంత్రాలు చూసేవాణ్ని ఆషిపు అనేవాళ్లు. మూలికలు, కట్లు, లేపనాలు చూసేవాణ్ని అసూ అనేవాళ్లు. ఒకే రోగికి ఇద్దరూ పని చేసేవాళ్లు. ఆషిపు అంటే ఊళ్లో తిరిగే బూటకపు మంత్రగాడనుకోకండి. ఏళ్ల తరబడి చదువుకున్న పండితుడు. రోగ లక్షణాల మీద వాళ్ల దగ్గర 40 పలకల గ్రంథం ఉండేది. తల నుంచి పాదాల వరకు ఒక్కో అవయవం చూసి రోగం ఏమిటో, మనిషి బతుకుతాడో లేదో చెప్పే పుస్తకం అది. అసుర్ నగరంలో అలాంటి ఒక ఆషిపు కుటుంబం ఇల్లు, వాళ్ల పలకలతో సహా తవ్వకాల్లో బయటపడింది.

రాజులకు కూడా వీళ్లే దిక్కు. క్రీ.పూ. 681 నుంచి 669 వరకు అస్సీరియాను ఏలిన ఎసర్‌హద్దోన్ తరచూ జబ్బుపడేవాడు. అతని ఆస్థాన ఆషిపు మర్దుక్-షాకిన్-షుమి రాజుకు రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదాంట్లో మూర్ఛ తగ్గడానికి చేసే తంతు ఉంది. రోగి గుమ్మం కమాను మీద ఎలుకను, ముళ్లకొమ్మను వేలాడదీయాలి. ఆషిపు ఎర్రబట్టలు కట్టుకుని, కుడిపక్క కాకిని, ఎడమపక్క డేగను పెట్టుకోవాలి. ఇంకొకతను ధూపం, కాగడా పట్టుకుని మంచం చుట్టూ తిరగాలి. ఉదయం, సాయంత్రం, దయ్యం వదిలేదాకా.

రాళ్లు, పూసలు కూడా వాడేవాళ్లా?

వాడేవాళ్లు. ఏ జబ్బుకి ఏ రాయి, ఏ రంగు దారం, ఎన్ని ముడులు అనే జాబితాలు ఉన్నాయి. ఈ రాళ్ల దగ్గరే మన దేశంతో నిజమైన సంబంధం కనిపిస్తుంది. క్రీ.పూ. 2500 ప్రాంతపు ఉర్ రాజసమాధుల్లో దొరికిన ఎర్ర కార్నీలియన్ పూసల్లో కొన్ని సింధు లోయలో చేసినవే. ఎర్ర పూస మీద తెల్ల గీతలు వచ్చేలా చేసే ఆ పనితనం సింధు నాగరికతది. మెసొపొటేమియా వాళ్లు మెలుహ్హా అని పిలిచింది ఆ ప్రాంతాన్నే అని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. నీలి లాపిస్ రాయి అఫ్గానిస్తాన్ కొండల నుంచి వచ్చేది.

మనిషికే కాదు, ఇంటికీ రక్షణ ఉండేదా?

ఉండేది, అదీ చాలా పకడ్బందీగా. ఈ తంతుని "మనిషి ఇంట్లో కీడు పాదం పెట్టకుండా ఆపడం" అనేవాళ్లు. కీడు నడిచి వస్తుంది, గడప దాటి వస్తుంది. అందుకని మట్టితో చేప చర్మపు అప్కల్లులు, గద్దతల అప్కల్లులు, ఇంకా రకరకాల కాపలాదార్ల బొమ్మలు చేసి, ఇటుకల పెట్టెల్లో పెట్టి, నేల కింద పాతేవాళ్లు. గడప కింద, గది మూలల్లో, మంచం ఉండే చోట. అసుర్‌లో, నిమ్రూద్‌లో ఇలాంటివి పెట్టెలతో సహా దొరికాయి. పాతిన తర్వాత ఇంట్లోవాళ్లు కూడా వాటిని మళ్లీ చూడరు. తమ కాళ్ల కింద కాపలా ఉందన్న ధీమాతో ఆ నేల మీదే నడుస్తారు, నిద్రపోతారు. కొన్ని బొమ్మల చేతుల మీద రెండు ముక్కలు రాసి ఉంటాయి: లోపలికి రా, శాంతి కావలీ. బయటికి పో, కీడు కావలీ.

కోట గుమ్మాల్లో ఉండే రెక్కల ఎద్దులు కూడా ఇవేనా?

పని అదే, సైజు వేరు. మనిషి తల, రెక్కలు ఉన్న ఆ లమాసు విగ్రహాల్లో చాలావాటికి ఐదు కాళ్లుంటాయి. ఎదురుగా చూస్తే నిలబడినట్టు, పక్క నుంచి చూస్తే నడుస్తున్నట్టు కనిపించాలని. నినెవేలోని నెర్గాల్ ద్వారం దగ్గర ఉన్నదాన్ని 2015లో ఐసిస్ ముఠా డ్రిల్లింగ్ మెషిన్‌తో ధ్వంసం చేసింది. ఆ వీడియో ఒకసారి చూసి మళ్లీ చూడలేకపోయాను.

కావ్యాన్ని కూడా తాయెత్తుగా కట్టారని విన్నాను, నిజమేనా?

నిజం. మహమ్మారికి దేవుడైన ఎర్రా మీద ఒక కావ్యం ఉంది. ఈ పలక ఉన్న ఇంటికి ఎర్రా కోపగించినా తెగులు కత్తి దగ్గరికి రాదని ఆ దేవుడే చివర్లో మాట ఇస్తాడు. ఆ మాట పట్టుకుని జనం దాన్ని తాయెత్తు ఆకారం పలకల మీద రాయించుకున్నారు, పైన బెజ్జం పెట్టి మరీ. మన ఇళ్లలోనూ కష్టమొస్తే పారాయణకు ఒక పుస్తకం తీసేవాళ్లున్నారు, కాబట్టి ఇది మనకు వింతగా అనిపించదు.

హాలీవుడ్ సినిమాలో పాపను పట్టుకున్న దయ్యం పజూజే కదా?

అవును, 1973లో వచ్చిన "ది ఎక్సార్సిస్ట్" అనే ఆ హారర్ సినిమా మొదట్లో ఇరాక్ తవ్వకాలు, పజూజు విగ్రహం కనిపిస్తాయి. ప్రపంచంలో చాలామందికి పజూజు తెలిసింది అలాగే. కానీ పాత పలకల్లో అతను చిన్నపిల్లని ఆవహించడం కాదు, చిన్నపిల్లల జోలికి వచ్చేదాన్ని తరమడం ఉంది. పిల్లల కోసం చేసిన బొమ్మకు పిల్లల్ని హింసించేవాడన్న పేరు అంటుకుంది.

మన దిష్టిబొమ్మ, రక్షరేకు అక్కడి నుంచే వచ్చాయా?

అలా చెప్పడానికి ఆధారం లేదు. కట్టుబడి జరుగుతున్న ఇంటి ముందు గుడ్లురిమే రాక్షసుడి బొమ్మ కట్టడం, పిల్లల మొలతాడుకు తాయెత్తు కట్టడం చూస్తూ పెరిగినవాళ్లకు పోలికలు చటుక్కున కనిపిస్తాయి. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. బిడ్డ చేజారిపోతుందేమోనన్న భయం ఎక్కడ ఉన్నా ఇలాంటి వస్తువులు వాటంతటవే పుడతాయి.

ఈ ఆచారం ఎప్పుడు ఆగింది?

ఒక్కసారిగా ఆగలేదు, రూపం మారింది. క్రీ.శ. 5 - 7 శతాబ్దాల్లో అదే నేల మీద యూదులు, క్రైస్తవులు, మాండియన్లు అనే ఇంకో మతంవాళ్లు మట్టిగిన్నెల లోపల అరమాయిక్ భాషలో సుడి తిరిగినట్టు మంత్రాలు రాయించి, గడప కింద బోర్లించి పాతేవాళ్లు. నిప్పుర్ తవ్వకాల్లో అలాంటివి చాలా దొరికాయి. వాటిలో లిలిత్ అనే పేరు వినిపిస్తుంది. పిల్లల్నీ బాలింతల్నీ పట్టుకునే ఆడదయ్యం ఆమె.

ఆన్‌లైన్‌లో "అసలైన పజూజు తాయెత్తు" అమ్ముతున్నారు, కొనొచ్చా?

వద్దు. నకిలీదైతే డబ్బు పోతుంది. అసలుదైతే ఇంకా ఘోరం, అది దొంగసొత్తు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. 2003లో బాగ్దాద్ మ్యూజియం నుంచి దాదాపు 15,000 వస్తువులు దోచుకుపోయారు. ఇరాక్ నుంచి అక్రమంగా తరలించిన పురావస్తువుల అమ్మకాన్ని అదే ఏడాది ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1483వ తీర్మానంతో నిషేధించింది. అయినా తవ్వి తీసిన చోటు తెలియని తాయెత్తు సగం మూగదే. ఏ ఇంట్లో, ఎవరి తలాపున దొరికిందో తెలిస్తేనే దాని కథ మనకు తెలిసేది. చూడాలనుకుంటే లూవ్ర్, బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్లలో మంచి ఫొటోలున్నాయి, పైసా ఖర్చు లేదు.

వీటన్నిటిలో మీకు బాగా ఇష్టమైనది ఏది?

బ్రిటిష్ మ్యూజియంలోని ఐదు మట్టికుక్కలు. అషుర్‌బనిపాల్ రాజు కోటలో, నినెవేలో దొరికాయి. క్రీ.పూ. 7వ శతాబ్దానివి. ఒక్కోటి అరచేతిలో పడుతుంది. ఒక్కోదానికి ఒక్కో రంగు పూశారు, ఇప్పుడు చాలావరకు వెలిసిపోయింది. తోక వీపు మీదికి చుట్టుకుని, మెడ కాస్త ముందుకు చాచి నిలబడి ఉంటాయి. ప్రతి కుక్క ఒంటి మీద దాని పేరు చెక్కి ఉంది. ఒకదాని పేరు "కీడుని వెళ్లగొట్టేది". ఒకదాని పేరు "శత్రువుని పట్టేది". ఇంకోటి "పగవాణ్ని కరిచేది". మరోటి "దీని మొరుగు గట్టిది". ఐదోదాని పేరు "ఆలోచించకు, కరిచెయ్".